బేస్ గిటార్ ప్రాజెక్టు డైరీ: స్వరాన్ని ఎక్కడ ఆపాలో ఏ దారి నేర్పుతుంది?

మార్చి: ప్రశ్న, పరీక్ష వరుస

బేస్ గిటార్ నేర్చుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. రికార్డు విని చెవితో పట్టుకునేవారు, ట్యాబ్ (ఏ తీగను ఏ చోట నొక్కాలో అంకెలతో చెప్పే లిపి) చూసి వేళ్లు పెట్టేవారు, వీడియో పాఠాలను అనుసరించేవారు, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి) చదివి గ్రేడ్ పరీక్షలకు కూర్చునేవారు, ఇంట్లో తండ్రి దగ్గరో అన్న దగ్గరో నేర్చుకునేవారు, చర్చిలోనో పాటకచేరీ ఆర్కెస్ట్రాలోనో నేరుగా వేదిక మీదే నేర్చుకునేవారు అందరూ మన చుట్టూ ఉన్నారు. వీటిలో ఏది మంచిదని అడిగితే వచ్చే జవాబులు చాలావరకు చెప్పేవారు నడిచిన దారినే సమర్థిస్తాయి. అందుకని ఒకే ప్రశ్నను పట్టుకొని, ఒక్కొక్క దారిలో కొన్ని వారాలు సాధన చేసి, ఏ దారి ఏమి నేర్పిందో రాసిపెట్టుకోవాలని ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాను.

నేను పట్టుకున్న ప్రశ్న స్వరం ముగింపుకు సంబంధించినది. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పుడు దాని మెడ మీద ఫ్రెట్లు, అంటే స్వరస్థానాలను చూపే అడ్డ లోహపు పట్టీలు, ఉన్నాయి. ఫ్రెట్లు లేని, నిలబెట్టి వాయించే పెద్ద వాయిద్యమైన డబుల్ బేస్ వాయించేవారు ఏళ్ల తరబడి సాధించవలసిన స్వరస్థాన శుద్ధిని ఆ ఫ్రెట్లు చాలావరకు తేలిక చేశాయి. అప్పటిదాకా గిటార్ వాయించినవారు కూడా వెంటనే బేస్ పట్టుకోగలిగారు. స్వరస్థానం సంగతి ఫ్రెట్టు చూసుకుంటే వాయించేవారి చేతిలో ప్రధానంగా రెండు విషయాలు మిగులుతాయి: స్వరం ఎప్పుడు మొదలు కావాలి, ఎప్పుడు ఆగాలి. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. రెండోది నేర్చుకోకుండానే ఏళ్లు గడిపేవారు ఉన్నారు. బేస్ తీగ లావుగా ఉంటుంది, మీటిన తర్వాత చాలాసేపు మోగుతుంది, దాని నాదం మిగతా వాయిద్యాలన్నింటి కిందా పరుచుకుంటుంది. ఒక స్వరం అవసరానికి మించి మోగితే తరువాతి స్వరం మీద పడి, కాలితో తొక్కి వాయించే కిక్ డ్రమ్ దెబ్బను కప్పి, పాట అంతటినీ మసకబారుస్తుంది.

పరీక్ష కోసం ఎనిమిది బార్ల (ఒక్కో బార్ నాలుగు బీట్లు) వరుస ఒకటి కట్టాను. వేగం నిమిషానికి 80 బీట్లు. అంటే ఒక బీట్ 750 మిల్లీసెకన్లు, అర బీట్ 375 మిల్లీసెకన్లు. ఎ మైనర్, ఎఫ్, సి, జి అనే నాలుగు కార్డులు (ఒకేసారి పలికే స్వరాల కూటములు), ఒక్కొక్కటి రెండేసి బార్లు. ప్రతి బార్‌లోనూ ఆధార స్వరాన్నే మూడుసార్లు మీటాలి: మొదటి బీట్ మీద, మూడో బీట్ మీద, నాలుగో బీట్ మీద. చివరి బార్‌లో మాత్రం జి నుంచి జి షార్ప్ మీదుగా మళ్లీ ఎ దగ్గరకు చేరాలి. స్వరాలు ఎక్కడ మొదలు కావాలో ఇలా స్థిరంగా ఉంచి, ఎక్కడ ముగియాలో రాయకుండా వదిలేశాను. ఒక్కొక్క దారిలో సాధన చేసిన తర్వాత ఇదే వరుసను రికార్డు చేసి, ఆడాసిటీ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేర్‌లో తరంగ రూపాన్ని పెద్దది చేసి చూస్తే, ఆ దారి నా చేతికి ఏ ముగింపును అలవాటు చేసిందో కంటికి కనిపిస్తుంది. తీగను తనంతట తాను మోగనిస్తే తరంగం మెల్లగా సన్నబడుతుంది. చేత్తో ఆపితే నిట్టనిలువుగా తెగుతుంది. ఈ తేడాను చూడడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు.

వాయిద్యం నాలుగు తీగల సెకండ్ హ్యాండ్ బేస్. తీగ పొడవు 34 అంగుళాలు. మెడ కొద్దిగా వంగి ఉన్నందున లోపలి లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను మెల్లమెల్లగా, ఒక్కోసారి పావు చుట్టుకు మించకుండా తిప్పి సరిచేశాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇ తీగ ఎత్తును రెండున్నర మిల్లీమీటర్లకు దించాను. తీగలు మరీ ఎత్తుగా ఉంటే వేలిని ఎత్తి స్వరాన్ని ఆపడం ఆలస్యమవుతుంది. మరీ కిందికి ఉంటే ఫ్రెట్లకు తగిలి గరగరమంటాయి. ముగింపులను కొలవబోయే ప్రాజెక్టుకు ఈ ఎత్తు ముందే కుదరాలి.

ఏప్రిల్: చెవి దారి

లండన్‌లో సంగీత విద్యను పరిశోధించిన ఆచార్యురాలు లూసీ గ్రీన్ 15 నుంచి 50 ఏళ్ల మధ్య వయసున్న 14 మంది పాపులర్ సంగీతకారులను ప్రశ్నించి, వారు ఎలా నేర్చుకున్నారో 2002లో ప్రచురించారు. వారి అభ్యాసానికి కేంద్రంగా ఉన్నది పాఠ్యపుస్తకం కాదు, రికార్డు. నచ్చిన పాటను పదేపదే విని, దానితో కలిసి వాయించి, తోటివారితో కూర్చొని సరిచూసుకోవడమే వారి బడి. రాక్ సంగీతమైనా మన సినిమా సంగీతమైనా ఇదే దారిలో వచ్చినవారు ఎక్కువ.

బేస్‌ను చెవితో పట్టుకోవడంలో గిటార్‌కు లేని చిక్కు ఒకటి ఉంది. ఇ తీగ మూల పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జ్. ఎ 55, డి 73, జి 98. ఫోన్ స్పీకర్ కొన్ని వందల హెర్ట్జ్ కంటే కిందికి వెళ్లేసరికి దాదాపు మూగబోతుంది. అయినా స్వరం మనకు వినిపిస్తున్నట్టే ఉంటుంది, ఎందుకంటే పైన ఉన్న అనుస్వరాలను (మూల స్వరంతో పాటు పలికే హెచ్చు పౌనఃపున్యాలను) బట్టి మెదడు మూల స్వరాన్ని ఊహించుకుంటుంది. స్వరం పేరు గుర్తించడానికి ఆ ఊహ సరిపోతుంది. దాని పొడవు గుర్తించడానికి సరిపోదు, ఎందుకంటే అనుస్వరాలు మూల స్వరం కంటే ముందుగా సన్నగిల్లుతాయి. ఫోన్‌లో పొట్టిగా వినిపించిన స్వరం మంచి హెడ్‌ఫోన్లలో నిండుగా, పొడవుగా వినిపిస్తుంది. అందువల్ల ఈ నెల సాధనంతా హెడ్‌ఫోన్లతోనే చేశాను.

పాత తరం వారు టేపును రెట్టింపు వేగంతో తిప్పి బేస్ స్వరాలను ఒక స్థాయి పైకి ఎక్కించుకొని వినేవారు. ఇప్పుడు ఆడాసిటీలో వేగం మారకుండానే శ్రుతిని పన్నెండు అర్ధస్వరాలు పెంచవచ్చు, శ్రుతి మారకుండా వేగాన్ని సగానికి తగ్గించవచ్చు. నాకు అన్నింటికంటే ఉపయోగపడినది మొదటిది. ఒక స్థాయి పైకి వచ్చిన బేస్ వరుస గాత్రానికి దగ్గరగా వస్తుంది, వింటూ పాడుకోవచ్చు. పాటలోంచి బేస్‌ను విడదీసే ఉపకరణాలు కూడా వాడి చూశాను. ఫ్రాన్స్‌కు చెందిన డీజర్ సంస్థ 2019లో ఉచితంగా విడుదల చేసిన స్ప్లీటర్ అలాంటిదే. స్వరాలు గుర్తించడానికి ఇది గొప్ప సాయం. అయితే విడదీసిన ట్రాక్‌లో కిక్ డ్రమ్ కొంత కలిసిపోతుంది, స్వరాల చివరలు కొంత చెరిగిపోతాయి. నా ప్రశ్నకు ఆ చివరలే ముఖ్యం కాబట్టి, స్వరాలను విడదీసిన ట్రాక్‌లో పట్టుకొని, పొడవులను మాత్రం అసలు రికార్డులోనే విన్నాను.

వినడానికి ఎంచుకున్నవాటిలో సగం డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో 1960లలో జేమ్స్ జేమర్సన్ వాయించినవి, మిగతా సగం 1980లలో ఇళయరాజా మద్రాసులో రికార్డు చేసిన తెలుగు, తమిళ పాటలు. జేమర్సన్ డెట్రాయిట్ హైస్కూల్లో డబుల్ బేస్ నేర్చుకొని తరువాత ఎలక్ట్రిక్ బేస్‌కు వచ్చినవారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వాడేవారు, వాటిని మార్చడానికి ఇష్టపడేవారు కాదు. పాతబడిన ఆ తీగల వల్ల స్వరం గుప్పున మొదలై తొందరగా తగ్గుతుంది. అంటే ఆయన ముగింపుల్లో కొంత భాగం తీగలదే. వినేటప్పుడు ఇది తెలియకపోతే, గరుకైన కొత్త రౌండ్‌వౌండ్ తీగల మీద అదే వరుస వాయించి ఏదో తక్కువైందని బాధపడతాం. ఆ లోటును ఎడమచేయి పూరించాలి: వేలిని ఫ్రెట్టు మీద నొక్కడం ఆపి, తీగ మీద నుంచి మాత్రం తీయకుండా ఉంచితే స్వరం తెగుతుంది.

చిన్నప్పుడు కర్ణాటక సంగీతం కొంత నేర్చుకున్న నాకు ఈ దారిలో ఎదురైన ప్రత్యేకమైన ఇబ్బందిని కూడా నమోదు చేయాలి. మన చెవి షడ్జాన్ని పట్టుకొని వింటుంది. తంబురా కదలదు, రాగం దాని మీద కదులుతుంది. కార్డులున్న పాటలో కింద ఉన్న ఆధారమే కదులుతుంది, దాన్ని కదిపేది బేస్. గాయకుని స్వరం మారకుండా నిలిచి ఉన్నా, కింద బేస్ ఎ నుంచి ఎఫ్‌కు దిగితే ఆ స్వరానికి వేరే రంగు వస్తుంది. దీన్ని వినడం అలవాటు కావడానికి, పాటలో ఇంకేమీ పట్టించుకోకుండా ఆధారం ఎప్పుడు మారుతోందో అక్కడ చేత్తో తట్టడం అనే అభ్యాసం పెట్టుకున్నాను. కర్ణాటక సంగీత నేపథ్యం ఉన్న ఎవరికైనా బేస్ మొదలుపెట్టే ముందు ఇది చేయమని గట్టిగా చెబుతాను.

నెలాఖరు రికార్డింగ్: మొదటి స్వరం పొడవు బారు బారుకూ మారింది. కానీ ఏ బార్‌లోనూ తరువాతి స్వరం మీద పడలేదు. చెవి నాకు మసక లేకుండా వాయించడం నేర్పింది, పొడవును నిలకడగా ఉంచడం నేర్పలేదు.

మే: ట్యాబ్, వీడియోలు, యాప్

ఈ నెల గురించి చెప్పుకోవలసింది తక్కువ. ట్యాబ్‌లో నాలుగు గీతలు నాలుగు తీగలు, వాటి మీద అంకెలు ఫ్రెట్లు. ఎడమచేతిని ఎక్కడ పెట్టాలో ఇంత సూటిగా చెప్పే లిపి మరొకటి లేదు, అందుకే మొదటి రోజునే పాట వాయించాలనుకునేవారికి ఇది దగ్గరి దారి. అయితే సాధారణంగా దొరికే ట్యాబ్‌లలో కాలం ఉండదు. ఒక అంకెకూ తరువాతి అంకెకూ మధ్య ఎంత దూరముందో ఉజ్జాయింపుగా కనిపిస్తుంది, స్వరం ఆ దూరమంతా మోగాలా సగంలో ఆగాలా అన్నది కనిపించదు. కాలపు గుర్తులు చేర్చిన ట్యాబ్ ఫైళ్లు ఉన్నాయి, అవి చదవగలిగేవారికి స్టాఫ్ నొటేషన్ కూడా సగం వచ్చినట్టే.

వీడియో పాఠాలు కుడిచేతికి బాగా ఉపయోగపడ్డాయి. జి తీగ మీద వాయిస్తున్నప్పుడు మంద్రంగా పలికే తీగలు వాటంతట అవే మోగకుండా బొటనవేలిని వాటి మీదికి జరుపుతూ పోయే పద్ధతిని పుస్తకంలో చదివి అర్థం చేసుకోవడం కష్టం, దగ్గర నుంచి తీసిన వీడియోలో ఒక్క చూపుతో తెలుస్తుంది. వాయించిన ప్రతి స్వరానికీ మార్కులు వేసే యాప్ ఒకటి కూడా వాడాను. స్వరం మొదలైన క్షణాన్ని అది బాగానే లెక్కపెట్టింది. స్వరాన్ని తొందరగా ఆపినా, తరువాతి స్వరం దాకా మోగించినా మార్కులు మారలేదు. నెలాఖరు రికార్డింగ్‌లో ప్రతి స్వరం తరువాతి స్వరం దాకా మోగింది, ఎందుకంటే ఆపమని ఎవరూ అడగలేదు.

జూన్: స్టాఫ్ నొటేషన్

బేస్ గిటార్ సంగీతాన్ని మంద్ర స్వరాలకు వాడే బేస్ క్లెఫ్‌లో రాస్తారు. రాసిన స్వరం కంటే వాయిద్యం ఒక స్థాయి కింద పలుకుతుంది. ఈ లిపిలో స్వరం పొడవు స్వరపు ఆకారంలోనే ఉంటుంది, నిశ్శబ్దానికి కూడా పొడవుతో సహా విడి గుర్తులుంటాయి. నిశ్శబ్దానికి ఇంత స్పష్టమైన గౌరవమిచ్చిన లిపి నాకు తెలిసినంతలో ఇదే. పావు స్వరం (ఒక బీట్ పొడవు) తరువాత పావు విరామం రాసి ఉంటే, ఆ విరామం మొదలయ్యే క్షణంలో వేలు ఏమి చేయాలో ఆలోచించక తప్పదు.

ఈ దారికి పెద్ద ఉదాహరణ కేరల్ కే. లాస్ ఏంజెలెస్ స్టూడియోలలో గిటార్ వాయిస్తున్న ఆమె 1963లో ఒక రికార్డింగ్‌కు బేస్ వాయించేవారు రాకపోవడంతో ఆ స్థానంలో కూర్చున్నారు, అప్పటి నుంచి బేస్ ఆమె ప్రధాన వాయిద్యమైంది. 1969లో ఎలక్ట్రిక్ బేస్ వాదనం మీద తన మొదటి పాఠ్యపుస్తకం ప్రచురించి, ఆ తరువాత దశాబ్దాల పాటు బోధించారు. ఆమె మీటే చిన్న పలక అయిన ప్లెక్ట్రమ్‌తో మీటేవారు, తీగలు ఎక్కువసేపు మోగకుండా ఫెల్ట్ ముక్క పెట్టుకునేవారు. గంటల లెక్కన డబ్బు ఖర్చయ్యే స్టూడియోలో కాగితం చూసి వెంటనే వాయించగలగడం ఉద్యోగానికి అర్హత. మద్రాసు సినిమా స్టూడియోలలోనూ అంతే. ఇళయరాజా ఒక్కొక్క వాయిద్యానికీ భాగం రాసి ఇచ్చే సంగీతకారుడు కాబట్టి, ఆయన దగ్గర వాయించేవారికి చదవడం రావాలి.

గ్రేడ్ పరీక్షల సంగతి కూడా ఇక్కడే. లండన్‌లో 1991లో మొదలైన రాక్‌స్కూల్, ట్రినిటీ కాలేజ్ లండన్ వారి రాక్ అండ్ పాప్ పరీక్షలు రెండింటిలోనూ బేస్ ఉంది, మన నగరాల్లోని సంగీత పాఠశాలలు వీటికి పిల్లలను సిద్ధం చేస్తున్నాయి. నేను పరీక్షకు కూర్చోలేదు, తొలి గ్రేడ్ల పాఠ్యాంశాలు మాత్రం వరుసగా సాధన చేశాను. వరుస కుదిరిన పాఠ్యప్రణాళిక ఉండడం మంచిదే, ఏది వదిలేస్తున్నామో తెలుస్తుంది. నెలాఖరు రికార్డింగ్‌లో పొడవులు మొదటిసారిగా అన్ని బార్లలోనూ ఒకేలా వచ్చాయి. వరుసను కాగితం మీద రాసుకునేటప్పుడు మొదటి స్వరానికి పొడవు నిర్ణయించక తప్పలేదు: ఒకటిన్నర బీట్లు, తరువాత అర బీట్ విరామం.

జూలై: స్వరలిపి, గాత్రం

ఈ నెల కోసం నేను మొదటి నుంచీ ఎదురుచూశాను. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌కు గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను విని తీగల మీద పలికించేవాడు. పాశ్చాత్య వాయిద్యం మీద కర్ణాటక సంగీతం అంత సహజంగా పలకడానికి ఆ బోధన పద్ధతి ఒక ముఖ్య కారణమని నేను నమ్ముతాను. శిష్యుడి చేతికి అనుకరించడానికి మరో చెయ్యి లేదు, గొంతు మాత్రమే ఉంది. అదే దారిని బేస్ మీద పరీక్షించాలనుకున్నాను: పాడకుండా ఏ స్వరాన్నీ మీటకూడదు.

ఎ స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే నా పరీక్ష వరుస నటభైరవి రాగ స్వరాల్లో పడుతుంది. ఎఫ్ శుద్ధ ధైవతం, సి సాధారణ గాంధారం, జి కైశికి నిషాదం. చివరి బార్‌లో మాత్రం కైశికి నిషాదం నుంచి కాకలి నిషాదం మీదుగా షడ్జం చేరుతుంది. ఆధారం మారుతుంటే షడ్జం మారదని ఏప్రిల్‌లో రాసిన చిక్కు పాడేటప్పుడు మళ్లీ ఎదురైంది. అయితే ఈసారి అది సాయంగా మారింది. ఎఫ్ మీదికి దిగినప్పుడు ధైవతం అని పాడుతున్నందువల్ల ఇంటి నుంచి ఎంత దూరం వెళ్లామో గొంతుకు తెలుస్తూనే ఉంటుంది, తిరిగి రావలసిన చోటు మరచిపోదు.

స్వరలిపిలో పొడవు చెప్పే ఏర్పాటు ఉంది. హ్రస్వమైన స ఒక అక్షరకాలం, దీర్ఘమైన సా రెండు, కామా మరొక అక్షరకాలం, సెమికోలన్ రెండు. అర బీట్‌ను ఒక అక్షరకాలంగా తీసుకుంటే ఒక బార్‌కు ఎనిమిది అక్షరకాలాలు. ఇక్కడే స్వరలిపికీ బేస్ అవసరానికీ మధ్య ఉన్న తేడా బయటపడింది. కామా స్వరాన్ని పొడిగిస్తుంది. ఆ పొడిగింపులో నాదం కొనసాగాలా, నిశ్శబ్దంగా ఉండి కాలం మాత్రమే గడవాలా అన్నది చెప్పదు. గాయకునికి అది సంప్రదాయం వల్ల, సాహిత్యం వల్ల, ఊపిరి వల్ల తెలుస్తుంది. బేస్ వాయించేవారికి తెలియదు. అందుకని నిశ్శబ్దానికి ఒక అక్షరకాలం విలువగల × అనే గుర్తును చేర్చుకున్నాను. అవసరాన్ని బట్టి స్వరలిపికి గుర్తులు చేర్చడం మనకు కొత్త కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఒక్కొక్క గమకానికీ ప్రత్యేకమైన గుర్తు ఉంది. నా గుర్తుతో మొదటి బార్ ఇలా ఉంది:

సా , × స × స ×

రెండు, ఒకటి, నిశ్శబ్దం ఒకటి, ఆ తరువాత ఒక్కొక్కటి చొప్పున, మొత్తం ఎనిమిది. దీన్ని మొదట తాళం వేస్తూ పాడాలి. నిశ్శబ్దం వచ్చిన చోట పెదవులు మూయాలి. పెదవులు మూయడం అన్న శరీర క్రియ ఉన్నందువల్ల ముగింపు కూడా మొదలు ఎంత స్పష్టమో అంత స్పష్టమైన పని అవుతుంది. తరువాత వాయిస్తూ పాడాలి. పెదవులు మూసిన క్షణంలోనే ఎడమచేతి వేలు నొక్కడం ఆపాలి. చివరకు గొంతు ఆపి మనసులో పాడుకుంటూ వాయించాలి. సరళీ స్వరాల్లా ఇదే వరుసను మూడు కాలాల్లోనూ చేశాను. మొదటి కాలంలో నిశ్శబ్దాలు చాలా పొడవుగా ఉంటాయి, అక్కడ నిలబడగలగడమే అసలు కష్టం. మూడో కాలంలో చేతి వేగమే కష్టం. మొదటి కాలాన్ని దాటవేయాలనిపిస్తుంది, దాటవేయకూడదు.

ఈ నెల రికార్డింగ్‌లో ముగింపులు స్టాఫ్ నొటేషన్ నెలలో లాగే ఒకే పొడవున వచ్చాయి, అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. జూన్‌లో కాగితం తీసేస్తే పొడవులు చెదిరేవి, జూలైలో కాగితం అవసరమే రాలేదు. కన్ను చదివిన విరామం కంటే గొంతు పాటించిన విరామం ఎక్కువ కాలం నిలిచింది.

ఆగస్టు: మాస్టారు

మా బస్తీకి దగ్గరలో ఒక మాస్టారు ఉన్నారు. పెళ్లిళ్లలో, జాతరల్లో, వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాకు చాలాకాలం బేస్ వాయించినవారు. ఆయన దగ్గర పాఠం వాయించి చూపడంతో మొదలై నా చేతిని సరిచేయడంతో ముగుస్తుంది. నా పరీక్ష వరుస విని ఆయన మొదట అన్న మాట ఇది: “బాబూ, ఎ స్వరాన్ని ఖాళీ తీగ మీద ఎందుకు వాయిస్తున్నావు? ఇ తీగ ఐదో ఫ్రెట్టులో పట్టుకో. ఖాళీ తీగను ఆపడానికి వేరే వేలు వెతుక్కోవాలి, పట్టుకున్న తీగను అదే వేలు ఆపుతుంది.” పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఈ కారణం నాకు ఎదురుకాలేదు. చివరి బార్‌లో కూడా మూడో ఫ్రెట్టు, నాలుగో ఫ్రెట్టు, ఐదో ఫ్రెట్టు ఒకే తీగ మీద వరుసగా రావడంతో షడ్జానికి చేరడం నున్నగా కుదిరింది.

ఎడమచేతి అమరికను కూడా ఆయనే మార్పించారు. 34 అంగుళాల మెడ మీద మొదటి ఫ్రెట్టు నుంచి నాలుగో ఫ్రెట్టు దాకా సుమారు 13 సెంటీమీటర్లు. నాలుగు వేళ్లను నాలుగు ఫ్రెట్ల మీద పరచి ఉంచితే చిటికెన వేలికి బలం చాలదు, మణికట్టు నొప్పి పెడుతుంది. మెడ మొదట్లో చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు అన్న మూడింటినే వాడి, ఉంగరపు వేలును చిటికెనవేలికి తోడుగా ఉంచే అమరిక డబుల్ బేస్ నుంచి వచ్చినది. వియన్నాలో బోధించిన చెక్ సంగీతకారుడు ఫ్రాంజ్ సిమాండ్ల్ 19వ శతాబ్దంలో దాన్ని పాఠ్యపద్ధతిగా స్థిరపరిచారు. మాస్టారు ఆ పేరు ఎత్తలేదు, చేతిని పట్టుకొని అలా పెట్టించారు.

ఇంట్లోనే గురువు ఉండే దారిని నేను పరీక్షించలేను, నా వయసూ ఇల్లూ అందుకు వీలివ్వవు. అయితే దాని ఫలితాలు లోకానికి తెలిసినవే. అమెరికాకు చెందిన విక్టర్ వూటెన్ అయిదుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడు, మాటలు నేర్చే వయసులోనే అన్న రెజీ ఆయనకు బేస్ అందించాడు. కుటుంబ బృందంలో బేస్ స్థానం ఖాళీగా ఉంది. ముంబయిలో పెరిగిన మోహినీ డే తండ్రి సుజయ్ డే దగ్గర నేర్చుకున్నారు, ఆయన కూడా బేస్ వాయించేవారే. ఇద్దరి వాదనంలోనూ నన్ను ఆకట్టుకునేదాంట్లో వేగం తరువాతి సంగతి. ఎంత వేగంలోనైనా ఒక్కొక్క స్వరం విడివిడిగా ఆగుతుంది.

సెప్టెంబరు: డ్రమ్స్ పక్కన

సికింద్రాబాద్‌లో ఒక చర్చి ఆరాధన బృందంలో డ్రమ్స్ వాయించే అన్న, సాధన సమయంలో నన్ను పక్కన కూర్చోనిచ్చారు. తెలుగు రాష్ట్రాల్లో బేస్ వాయించే యువకుల్లో చాలామందికి చర్చే మొదటి బడి. అక్కడ ఆదివారం తప్పించుకోలేని గడువు. పాటలు ఎక్కువ, సాధన సమయం తక్కువ, కార్డుల పేర్లు మాత్రమే చేతికి వస్తాయి, మిగతాది తోటివారిని చూసి పట్టుకోవాలి. కొత్తవారిని వెనక్కి పంపరు, తేలికైన పాటలకు నిలబెడతారు.

డ్రమ్స్‌తో నేర్చుకోవడం గురించి ల్యారీ గ్రాహమ్ ఉదంతం చాలా చెబుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో తల్లితో కలిసి చిన్న బృందంలో వాయిస్తున్నప్పుడు, మంద్ర స్వరాలు పలికించే ఆర్గన్ పాడైపోతే ఆయన బేస్ గిటార్ అద్దెకు తెచ్చుకున్నారు. తరువాత బృందంలో డ్రమ్మర్ లేకుండా పోయినప్పుడు బొటనవేలితో తీగను కొట్టి కిక్ డ్రమ్ లోటునూ, వేలితో తీగను లాగి వదిలి, కర్రతో కొట్టే స్నేర్ డ్రమ్ లోటునూ తీర్చుకున్నారు. స్లాప్ పద్ధతి అలా రూపుదిద్దుకుంది. జాకో పాస్టోరియస్ కూడా మొదట డ్రమ్మరే. ఫుట్‌బాల్ ఆటలో మణికట్టు గాయపడిన తర్వాత బేస్‌కు వచ్చారు. వీరిద్దరి వాదనంలో డ్రమ్ దెబ్బ తీగలోనే దాగి ఉంది.

నా పరీక్ష వరుసను అన్నతో కలిసి మొదటిసారి వాయించినప్పుడు ఆయన మధ్యలో ఆపారు. “తమ్ముడూ, రెండో బీట్ మీద నా స్నేర్ పడుతోంది, అప్పటికీ నీ మొదటి స్వరం మోగుతూనే ఉంది. నా కర్ర దిగే క్షణానికి నువ్వు ఆగు, అప్పుడు స్నేర్ ఎలా పలుకుతుందో విను.” ఆ మాట ప్రకారం సా తరువాతి కామాను తీసేసి, అక్కడ మరో నిశ్శబ్దం పెట్టాను:

సా × × స × స ×

మారినది ఒక్క అక్షరకాలం, 375 మిల్లీసెకన్లు. వరుస స్వభావమే మారిపోయింది. బేస్ తప్పుకున్న ఖాళీలో స్నేర్ పూర్తిగా వినిపించింది, కీబోర్డు వాయిస్తున్నవారు చెప్పకుండానే తమ కార్డులను కురచ చేశారు. జూన్‌లో ఒకటిన్నర బీట్లు అని కాగితం మీద రాసుకున్న పొడవులో దోషమేమీ లేదు. ఒంటరిగా వాయిస్తే ఇప్పటికీ అదే నిండుగా వినిపిస్తుంది. స్వరం ముగింపును నిర్ణయించే సమాచారం పక్కనున్న వాయిద్యంలో ఉందని, డ్రమ్స్ లేని ఏ దారిలోనూ అది దొరకదని నాకు అక్కడ తెలిసింది.

దీనితో పాటు మరొక విషయం కూడా రాయాలి. అన్న చెప్పిన మార్పును నేను వెంటనే చేయగలగడానికి జూలై సాధన కారణం. స్వరాన్ని ఆపవలసిన చోటు మారినప్పుడు పెదవులు మూసే చోటును మార్చుకున్నాను, చేయి దాన్ని అనుసరించింది. అదే బృందంలో నాకంటే ఎంతో చక్కగా వాయించే ఒక తమ్ముడు పూర్తిగా వేదిక మీదే నేర్చుకున్నవాడు. అతనికి డ్రమ్స్‌తో కలవడం ఊపిరి తీసినంత సహజం, కానీ డ్రమ్స్ లేకుండా నెమ్మదైన ఆరాధన గీతానికి వాయించవలసి వచ్చినప్పుడు పొడవులు చెదురుతాయి. అతనికి స్వరలిపి గుర్తు చూపించాను, ఇద్దరం కలిసి పాడుతూ సాధన చేస్తున్నాం.

ప్రస్తుత స్థితి, తరువాతి పని

రికార్డింగులన్నింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే, నాకు అన్వయించే క్రమం ఇలా తేలుతోంది: ముందు విని పాడడం, తరువాత మాస్టారి దగ్గర చేయి కుదుర్చుకోవడం, వీలైనంత తొందరగా డ్రమ్స్ పక్కన నిలబడడం. నొటేషన్ ఈ మూడింటికీ పక్కన నడవాలి. ట్యాబ్‌ను వేళ్ల స్థానాలు తెలుసుకోవడానికి మాత్రమే వాడతాను. పాటలు పాడే అలవాటు బొత్తిగా లేనివారికి ఈ క్రమం కుదరకపోవచ్చు. వారితో ఇదే పరీక్ష చేయించాలని ఉంది, ఇప్పటికి ఇద్దరు మిత్రులు ఒప్పుకున్నారు.

ఎనిమిదో బార్ ఇంకా కుదరలేదు. కైశికి నిషాదం నుంచి కాకలి నిషాదానికి వెళ్లేటప్పుడు మధ్యలో నిశ్శబ్దం ఉంచితే షడ్జం మీదికి లాగే బలం తగ్గుతోంది, ఉంచకపోతే నాలుగో బీట్ స్నేర్ మీద నాదం పడుతోంది. వచ్చే నెల ఆ బార్‌ను రెండు విధాలుగానూ అన్నతో కలిసి రికార్డు చేసి, మాస్టారికి వినిపించాలి. ఫ్లాట్‌వౌండ్ తీగలు కూడా తెప్పించాను. ఎడమచేతితో ఇప్పుడు చేస్తున్న పనిలో ఎంత భాగాన్ని తీగలే చేసిపెడతాయో అవి బిగించిన తర్వాత ఇదే వరుస మీద కొలుస్తాను.